టికెట్ ఎవరు తీశారు?

నేను ట్రామెక్కింది తక్కువ, ట్రామును చూసింది ఎక్కువ. ఆ చూసింది కూడా తెర మీదే. అందుకని ట్రాముల గురించి నేను ధీమాగా మాట్లాడే మాటల్లో సగం ఏదో ఒక సినిమాలోంచి ఎత్తుకొచ్చినవే. ఈ సంగతి నాకు ఆలస్యంగానూ, కాస్త పరువు తక్కువగానూ తెలిసింది.

ఒకరోజు నలుగురం కూర్చుని ట్రాఫిక్‌ని తిట్టుకుంటున్నాం. నేను ఎప్పుడూ ఎత్తుకునే పాటే ఎత్తుకున్నాను. అమెరికాలో ఒకప్పుడు ఊరూరా ట్రాములు ఉండేవనీ, కార్ల కంపెనీలు కుట్ర చేసి వాటిని కొనేసి, పట్టాలు పీకించి, జనాన్ని రోడ్డున పడేశాయనీ. మావాడొకడున్నాడు, లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం. అంతా ఓపిగ్గా విని, "ఇదంతా ఎక్కడ చదివావురా?" అన్నాడు. నోరు తెరిచాను, పుస్తకం పేరేదీ రాలేదు. గుర్తొచ్చింది ఒక కుందేలు. 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'. సగం మనుషులు, సగం బొమ్మలు ఉన్న సినిమా. "అంటే నీ సాక్షి కార్టూన్ కుందేలన్నమాట" అని వాడు నవ్విన నవ్వు చాన్నాళ్ళు చెవుల్లో మోగింది.

ఆ కసితో ట్రాము కనిపించే సినిమా ఏది దొరికితే అది చూశాను. చూసేటప్పుడు ఒక పిచ్చి అలవాటు పట్టుకుంది. ఈ సీనులో టికెట్ ఎవరు తీశారు? ఎవరైనా పనికి వెళ్తున్నారా, లేక ట్రాము ఊరికే అందానికి వచ్చి నిలబడిందా? కొన్నాళ్ళకి నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. సినిమా ట్రామును పట్టించుకోని రోజుల్లోనే ట్రాము దర్జాగా బతికింది. సినిమా దాన్ని చూసి నిట్టూర్చడం మొదలుపెట్టిందంటే, ఆ ఊళ్ళో దాని లెక్క తేలిపోయినట్టే. ఒకటి రెండు చోట్ల ఈ అభిప్రాయానికి నేనే గండి కొడతాను. అయినా చెబుతాను.

ముందు బాకీల సంగతి. సినిమా ట్రాముకి చాలా బాకీ ఉంది.

మొదటి రోజుల్లో కెమెరా మూడు కాళ్ళ మీద కదలకుండా నిలబడేది. ఎదురుగా ఏది కదిలితే అది తీసేవారు. 1896లో, సినిమాకి ఆద్యులైన ఫ్రాన్స్ లూమియేర్ సోదరుల కెమెరామన్ ఒకాయన వెనిస్‌లో పడవ ఎక్కి చిత్రం తీశాడు, ఒడ్డున భవనాలన్నీ నడుచుకుంటూ పోయాయి. అంతే, అందరూ కదిలే బండి కోసం వెతుక్కున్నారు. రైలు ఊరి బయట పరిగెడుతుంది. గుర్రబ్బండి కుదుపులకి బొమ్మ నిలవదు. నడివీధిలో, మనుషుల మధ్య నుంచి, నున్నగా, ఒకే వేగంతో పోయేది ట్రాము ఒక్కటే. దాని ముందు కెమెరా బిగించి తీసిన చిత్రాలను ఫాంటమ్ రైడ్ అనేవారు. బండి కనపడదు, నడిపేవాడు కనపడడు. చూసేవాడే దయ్యంలా వీధిలో తేలిపోతున్నట్టు ఉంటుంది. ఇప్పటికీ మన షూటింగుల్లో నేల మీద పట్టాలు పరిచి, వాటి మీద కెమెరా బండిని తోసి తీసేదాన్ని ట్రాలీ షాట్ అనే అంటాం. అమెరికావాళ్ళు ట్రాముని పిలిచే పేరూ ట్రాలీయే. రెండు మాటలకీ చుట్టరికం ఎంతో గానీ, పని మాత్రం ఒకటే.

వీటిలో నాకు బాగా ఇష్టమైంది 1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్ మీద మైల్స్ సోదరులు తీసిన పదమూడు నిమిషాల చిత్రం. కేబుల్ కారు (వీధి కింద నడిచే తీగ లాక్కుపోయే ట్రాము) ముందు కెమెరా పెట్టి, వీధి చివర ఉన్న ఫెర్రీ బిల్డింగ్ దాకా పోయారు. కథ లేదు. దూరంగా సూదిలా కనపడే గడియారం గోపురం నెమ్మదిగా పెద్దదవుతూ ఉంటుంది. ఈలోపు వీధిలో సమస్తం జరుగుతుంది. గుర్రబ్బండ్లు పట్టాలకి అడ్డం పడతాయి. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఏమాత్రం తొందర లేకుండా మన ముందు నుంచి దాటుతాడు. కుర్రాళ్ళు కెమెరాని చూసి ముందు పరిగెడుతూ వెనక్కి తిరిగి నవ్వుతారు. కార్లు చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే కొన్ని కార్లు మనల్ని దాటిపోయి, చుట్టు తిరిగి, మళ్ళీ వస్తున్నాయి. ఊళ్ళో కార్లు దండిగా ఉన్నాయని చూపించడానికి చేసిన ఏర్పాటు అది. ట్రాము మీద కూర్చుని తీసిన సినిమా, కార్లకి జూనియర్ ఆర్టిస్టు వేషం ఇచ్చింది! తర్వాత జరగబోయే కథంతా అందులోనే ఉంది.

చాలాకాలం దీన్ని 1905 నాటిదనుకున్నారు. వీధిలో నిలిచిన వాననీళ్ళు, కార్ల నంబరు ప్లేట్లు పట్టుకుని ఒక పరిశోధకుడు 1906 ఏప్రిల్ అని తేల్చాడు. ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం వచ్చి, మంటలు లేచి ఆ వీధి నాశనమైంది. అంతకు ముందు రోజే ఫిల్మును న్యూయార్క్ రైలెక్కించారు కాబట్టి మనకి మిగిలింది. మైల్స్ సోదరుల స్టూడియో కాలిపోయింది. ఈ సంగతి తెలిశాక ఆ కుర్రాళ్ళ నవ్వులు ఇంకోలా కనిపిస్తాయి.

ఇలాంటివి ఎన్నో ఊళ్ళలో తీశారు. ఇంగ్లాండులో మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు 1900 తర్వాత ఊరూరా ట్రాముల మీద నుంచి తీసి, అదే ఊరి సంతల్లో ఆడించేవారు. జనం తమని తాము తెర మీద చూసుకోడానికి డబ్బులిచ్చి వచ్చేవారు. ఆ రీళ్ళు 1994లో ఒక దుకాణం కింది గదిలో డ్రమ్ముల్లో బయటపడ్డాయి. 1908 బార్సిలోనా చిత్రంలో సైకిళ్ళ మీద వాళ్ళు, పిల్లలు ట్రాముతో పోటీపడి పరిగెడతారు. కెనడాలో వాంకూవర్ వీధులను 1907లో ట్రాము మీద నుంచి తీసిన విలియం హార్బెక్, అయిదేళ్ళ తర్వాత టైటానిక్‌తోపాటు మునిగిపోయాడు. (కదిలే బండి ఏది కొత్తగా వచ్చినా ఎక్కెయ్యాలన్న ఆత్రం కాబోలు.)

ఇక హేల్స్ టూర్స్ అని ఒకటుండేది. కాన్సస్ సిటీలో మాజీ అగ్నిమాపక అధికారి జార్జ్ హేల్ మొదలుపెట్టాడు. థియేటరే రైలుపెట్టెలా ఉంటుంది. యూనిఫాం వేసుకున్న మనిషి టికెట్ చూస్తాడు. ఎదురుగా తెర మీద పట్టాలు పరిగెడుతుంటే, కింద పెట్టె ఊగుతుంది. అంటే మనుషులు ట్రాములో వచ్చి, టికెట్ కొని, కదలని బండిలో కూర్చుని, బండిలో పోతున్నట్టు ఊహించుకుని, మళ్ళీ ట్రాములో ఇంటికి పోయేవారు. ఇంతకంటే సినిమాకి నిర్వచనం ఏముంటుంది?

అసలు దగ్గరి చుట్టరికం డబ్బు దగ్గర ఉంది. నికెల్ అంటే అమెరికా అయిదు సెంట్ల నాణెం. చాలా ఊళ్ళలో ట్రాము చార్జీ ఒక నికెల్. 1905లో పిట్స్‌బర్గ్‌లో హ్యారీ డేవిస్ ఒక దుకాణం గదిలో కుర్చీలు వేసి బొమ్మలాడించడం మొదలుపెట్టినప్పుడు పెట్టిన టికెట్ కూడా ఒక నికెల్. ఆ నాణెం మీదే అలాంటి హాళ్ళకి నికెలోడియన్ అని పేరొచ్చింది. పనిచేసుకు బతికేవాడికి ట్రాము అందుబాటులో ఉన్న ధరలోనే సినిమా అందుబాటులోకి వచ్చింది. ట్రాము కంపెనీలేమో ఆదివారాలు బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయని, లైను చివర్లో వినోదాల పార్కులు కట్టించేవి. పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్‌ని 1898లో కట్టించింది ఒక ట్రాము కంపెనీయే. మొదటి బొమ్మలాటల్లో చాలా అలాంటి పార్కుల్లోనే ఆడాయి. తర్వాత కట్టిన పెద్ద థియేటర్లు కూడా ట్రాములు కలిసే కూడళ్ళు చూసుకుని లేచాయి. జనం దిగే చోట తలుపు తెరిచి కూర్చోవడం వ్యాపారంలో మొదటి పాఠం కదా.

ఒకే నాణేనికి అమ్ముడైన ఈ రెండూ విడిపోయిన చోటు ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే కుందేలు సినిమాలో ఇది లేదు. వీధుల్లో పట్టాలు వేసుకోనివ్వడానికి నగరాలు ట్రాము కంపెనీలతో రాయించుకున్న ఒప్పందాల్లో చాలావాటిలో చార్జీ అయిదు సెంట్లని ఖాయం చేసి పెట్టారు. అది పెంచాలంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి, జనం ఓట్లెయ్యాలి. ఎవడు పెంచనిస్తాడు? 1914 నుంచి 1920 లోపు అమెరికాలో ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. జీతాలు, ఇనుము, బొగ్గు అన్నీ పెరిగాయి. నికెల్ మాత్రం నికెల్ లాగే ఉంది. పైగా పట్టాల మధ్య రోడ్డు వెయ్యాల్సిన బాధ్యత కూడా కంపెనీలదే. ఆ రోడ్డు మీదే కార్లు దర్జాగా వచ్చి ట్రాముకి అడ్డం నిలబడేవి. 1919 నాటికి పరిస్థితి ఎంత ముదిరిందంటే ప్రెసిడెంట్ విల్సన్ దీని కోసం ఒక కమిషన్ వేశాడు. సినిమాకి ఆ బెడద లేదు. హాలుకి తివాచీ పరిచి, షాండ్లియర్ తగిలించి టికెట్ పెంచుకుంది. ఒకడికి ధర పెంచుకునే స్వేచ్ఛ ఉంది, ఇంకొకడికి లేదు. ఆ ఇంకొకడు చచ్చాక మొదటివాడు వాడి మీద సినిమా తీశాడు.

మావాడికి ఈ లెక్క చెబితే "మరి ఇది ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. ముందు తెలిస్తే కదా.

బాకీ పక్కన పెట్టి తెర మీదకి వద్దాం. 1920ల కామెడీలు చూస్తే ఎవరూ ట్రామును ప్రేమించరు. దాన్ని పట్టుకోవాలి, అంతే. హెరాల్డ్ లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడిన 1923 సినిమాలో, ఆ గడియారానికి చాలా ముందు ఒక సీను ఉంటుంది. ఉద్యోగానికి టైమవుతోంది. వచ్చిన ప్రతి ట్రామూ కిక్కిరిసి, మనుషులు బయటికి వేలాడుతూ ఉంటారు. ఇతనికి కాలు పెట్టే చోటు దొరకదు. ఆఫీసుకి లేటవడం అంటే ఏమిటో తెలిసినవాడికి ఆ టెన్షన్ ముందు గడియారం ముల్లు ఎంత? 'గర్ల్ షై' 1924లో వచ్చింది. ఒక పెళ్ళి ఆపడానికి పరిగెత్తే హీరో దొరికిన బండల్లా ఎక్కుతాడు. వాటిలో ఒకటి డ్రైవర్ లేని ట్రాము. దాన్ని శరవేగంగా తోలుతుంటే పైన తీగకి ఆనుకున్న కడ్డీ ఊడిపోతుంది, కరెంటు పోతుంది, సరిచెయ్యడానికి పైకెక్కి చివరికి ఆ కడ్డీకే వేలాడతాడు. చూసేవాళ్ళందరికీ ఆ కడ్డీ ఊడడం తెలుసు. రోజూ ఎక్కే బండి కాబట్టే నవ్వొస్తుంది. 1930లో హాస్యజంట లారెల్, హార్డీ వచ్చి రెండు ట్రాముల మధ్య తమ కారును అప్పడంలా నొక్కించుకుంటారు. అప్పటికింకా వీధిలో పెద్దన్న ట్రామే.

ఇదే లాయిడ్ 1928లో 'స్పీడీ' తీశాడు. అందులో ప్రియురాలి తాతగారు న్యూయార్క్‌లో చివరి గుర్రపు ట్రాము నడుపుతూ ఉంటాడు. ఇరవై నాలుగు గంటలకి ఒక్కసారైనా బండి తిరిగితేనే ఆ దారి మీద హక్కు నిలుస్తుంది. పెద్ద కంపెనీ వాళ్ళు బండినే దొంగిలిస్తారు, హీరో తిరిగి తెస్తాడు. నిజం చెప్పాలంటే న్యూయార్క్‌లో గుర్రపు ట్రాము 1917లోనే ఆగిపోయింది. పోయి పదకొండేళ్ళయ్యాక తెర మీద కాపాడారు. నా అనుమానం ఇక్కడే మొదలైంది.

జర్మన్ దర్శకుడు మూర్నవ్ తీసిన 'సన్‌రైజ్' (1927) గురించి మాత్రం కాసేపు ఆగాలి. భర్త పడవలో తనని ముంచెయ్యబోయాడని అర్థమైన భార్య, ఒడ్డు చేరగానే అడవిలోకి పరిగెడుతుంది. చెట్ల మధ్య నుంచి ఒక ట్రాము వస్తుంది. అడవిలో ట్రాము ఏమిటని అడగాలనిపించదు. ఆమె ఎక్కేస్తుంది, వెనకే అతనూ ఎక్కుతాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఆమె ముడుచుకుని కూర్చుంటే, వెనక కిటికీల్లో చెట్లు, నీళ్ళు, తర్వాత ఫ్యాక్టరీలు, తర్వాత ఊరు. చంపబోయినవాడితో ఒకే పెట్టెలో ఉండక తప్పదు, దిగడానికి లేదు, అరవడానికి లేదు, నలుగురూ చూస్తున్నారు. కారులో ఈ సీను తియ్యలేరు. కారులో ఇద్దరే ఉంటారు. దీని కోసం ఒక మైలు మేర పట్టాలు వేయించారట. ఛాయాగ్రహణానికి ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ ఈ సినిమా కెమెరామన్లిద్దరికీ వచ్చింది.

ఆ తర్వాత పాటలు మొదలయ్యాయి. 1944లో 'మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్' అనే రంగుల సినిమా వచ్చింది. జూడీ గార్లాండ్ ట్రాములో నిలబడి పాడుతుంది. కథాకాలం 1903, 1904. ట్రాములో అందరూ కుర్రకారు, రంగురంగుల గౌన్లు, టోపీలు, ఎగ్జిబిషన్ మైదానం చూడ్డానికి పోతున్నారు. పనికి వెళ్ళే మొహం ఒక్కటి లేదు. పాట బ్రహ్మాండంగా ఉంటుంది, అది కాదనను. విచిత్రమేమిటంటే అది విడుదలైనప్పుడు యుద్ధం వల్ల పెట్రోలుకి రేషన్. హాలు బయట నిజం ట్రాములు షిఫ్టు దిగిన కార్మికులతో కిక్కిరిసి పోతున్నాయి. లోపల మాత్రం ట్రాము నలభై ఏళ్ళ కిందటి జ్ఞాపకం. ఊపిరాడనంత రద్దీలో ఉన్నదాన్నే తాతల నాటి ముచ్చట చేసేశారు. ఆ సెయింట్ లూయిస్‌లోనే 1966లో చివరి ట్రాము ఆగింది.

న్యూ ఆర్లియన్స్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ డిజైర్ అనే వీధి పేరు మీద ట్రాము లైను ఉండేది. ఆ పేరు పట్టుకుని టెనెసీ విలియమ్స్ రాసిన నాటకం 1947 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆరు నెలలు తిరక్కుండా, 1948 మేలో, ఆ లైను తీసేసి బస్సులు వేశారు. 1951 సినిమాలో వివియన్ లీ దిగి దారి అడిగితే, ఒక నావికుడు ఆమెను డిజైర్ అని బోర్డున్న ట్రాము ఎక్కిస్తాడు. అప్పటికి ఆ లైను లేదు. ప్రపంచమంతా పేరు మోగిపోతున్న ట్రాము, సొంత ఊళ్ళో ఎక్కడానికి లేదు.

ఇక నా కుందేలు దగ్గరికి. కథ 1947 లాస్ ఏంజెలెస్. రెడ్ కార్ ట్రాములను ఒక దుర్మార్గుడు కొనేస్తాడు, నడపడానికి కాదు, పడగొట్టడానికి. ఆ చోట ఫ్రీవే వేయించి, పక్కన పెట్రోలు బంకులు, చవక హోటళ్ళు, హోర్డింగులు పెట్టించాలని కల. ఆ ఉపన్యాసం దంచేటప్పుడు వాడి కళ్ళల్లో వెలుగు చూడాలి. నిజంలో ఏముందంటే, ఊరూరా ట్రాము కంపెనీలను కొన్న నేషనల్ సిటీ లైన్స్ అనే కంపెనీ వెనక జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్, చమురు కంపెనీలు ఉన్న మాట వాస్తవం. 1949లో షికాగో కోర్టులో శిక్ష పడిన మాటా వాస్తవం. జనరల్ మోటార్స్‌కి వేసిన జరిమానా అయిదు వేల డాలర్లు, ఒక అధికారికి ఒక్క డాలరు. కానీ నేరం రుజువైంది ఆ ట్రాము కంపెనీలకి బస్సులు, టైర్లు, చమురు వాళ్ళే అమ్ముకునేలా కట్టడి చేసినందుకు. రవాణా మొత్తాన్ని చేజిక్కించుకోడానికి కుట్ర చేశారన్న అభియోగం కొట్టేశారు. పైగా నేషనల్ సిటీ లైన్స్ 1945లో లాస్ ఏంజెలెస్‌లో కొన్నది పసుపు రంగు ట్రాముల కంపెనీని, ఎర్ర కార్లను కాదు. ఎర్ర కార్ల లైన్లు హంటింగ్టన్ అనే ధనవంతుడు తన స్థలాలు అమ్ముకోడానికి వేసినవి. ప్లాట్లు అమ్ముడయ్యాక ట్రాము మీద ఎవరికీ మోజు లేదు. 1961లో చివరి ఎర్ర కారు లాంగ్ బీచ్ లైను మీద తిరిగి ఆగిపోయింది.

కుట్రే లేదని నేననడం లేదు. కుట్ర జరిగింది, కాకపోతే అది అప్పటికే మంచాన పడ్డవాడి దిండు కింద పర్సు కొట్టెయ్యడం లాంటిది. దిండు మొహం మీద అదమడం కాదు. సినిమాకి పర్సు దొంగ సరిపోడు, హంతకుడు కావాలి. హంతకుడు దొరికితే చూసేవాళ్ళకీ సుఖమే. చార్జీ పెంచుతామంటే అడ్డం పడ్డదెవరు, కారు కొనుక్కుని పట్టాల మీద నిలిపిందెవరు అన్న ప్రశ్నలు రావు. 1933లో న్యూజెర్సీలో కారులో కూర్చునే సినిమా చూసే డ్రైవ్-ఇన్ తెరిచినప్పుడు, సినిమా కూడా కారెక్కేసిందని ఏ సినిమా చెప్పుకోదు.

కుందేలు సినిమా రెండోసారి చూసినప్పుడు ఒకటి పట్టుకున్నాను. మొదట్లో హీరో రెడ్ కార్ వెనక బంపర్ మీద పిల్లలతో కలిసి వేలాడుతూ పోతాడు. మీకు కారు లేదా అని వాళ్ళడిగితే, ఈ ఊళ్ళో కారెందుకు, ప్రపంచంలోకెల్లా గొప్ప రవాణా మనకుంటే అంటాడు. ఎంత గొప్ప ప్రేమ! టికెట్ తియ్యలేదు. వెంటనే మావాడికి ఫోన్ చేశాను. "చూశావా, నష్టం ఎక్కడొచ్చిందో" అన్నాడు.

టికెట్ గురించి ఇంతకంటే లోతుగా ఆలోచించిన సినిమా నాకు ఒక్కటే తగిలింది. స్పెయిన్ దర్శకుడు బున్యుయెల్ మెక్సికోలో తీసిన, 1954లో వచ్చిన ట్రాము సినిమా. ఇద్దరు పనివాళ్ళు 133 నంబరు ట్రామును చక్కగా బాగుచేస్తారు. బాగుచేశారు సరే, దాన్ని తుక్కు కింద తీసేస్తున్నాం అంటుంది కంపెనీ. తాగిన మైకంలో రాత్రి దాన్ని డిపోలోంచి బయటికి తీస్తారు, ఆఖరిసారి ఒక చుట్టు తిప్పుదామని. కానీ ట్రాము కనపడితే జనం ఊరుకుంటారా, ఎక్కేస్తారు. కబేళా పనివాళ్ళు మాంసం మోసుకుని ఎక్కి, పట్టుకునే కడ్డీలకి తగిలిస్తారు. విగ్రహం పట్టుకుని ముసలమ్మలు ఎక్కుతారు. బడిపిల్లలు ఎక్కుతారు. దొంగతనంగా తెచ్చిన బండి కాబట్టి వీళ్ళు డబ్బులు వద్దంటారు. అక్కడే వస్తుంది గొడవ. ఉచితం అంటే ఎవరికీ నమ్మకం కుదరదు. ఒక అమెరికన్ ఆవిడైతే ఇదేదో కమ్యూనిజం అని బెదిరిపోతుంది. తెల్లారాక ఎలాగో తిరిగి డిపోలో పెట్టేస్తారు. ఒక రిటైరైన ముసలి ఉద్యోగి జరిగిందంతా పైవాళ్ళకి చెబితే, బండి ఇక్కడే ఉందిగా అని ఆయన్నే నమ్మరు. ఇందులో ట్రాము మీద నిట్టూర్పు ఒక్కటి లేదు. చచ్చేముందు రోజు కూడా దానికి పని తగులుతూనే ఉంటుంది.

నా వాదనకి నేనే కొడతానన్న గండి ఇక్కడ. ట్రాము బతికున్న ఊళ్ళలో, దాన్ని ముచ్చటగా చూపించీ చంపని సినిమాలున్నాయి. 'బిఫోర్ సన్‌రైజ్' (1995)లో వియన్నా ట్రాము చివరి సీట్లో ఇద్దరు ఒకరినొకరు ప్రశ్నలడుక్కుంటారు. చాలాసేపు కట్ లేదు. వెనక అద్దంలో ఊరు వెనక్కి జారిపోతుంటుంది. ఎవరు ఎవరిని ఎప్పుడు చూడాలో, ఎప్పుడు చూపు తిప్పుకోవాలో తేల్చుకోలేని ఇబ్బంది అంతా అందులో ఉంది. ట్రాము వాళ్ళకి కూర్చునే చోటిచ్చి తన దారిన తాను పోతుంది. దర్శకుడు కిస్లోవ్‌స్కీ 1966లో పోలండ్‌లోని వూచ్ ఫిల్మ్ స్కూల్లో చదువుతుండగా తీసిన చిన్న చిత్రం పేరే ట్రాము. మాటల్లేవు. రాత్రి ఒక కుర్రాడు పరిగెత్తి ట్రాము ఎక్కుతాడు. ఎదురుగా ఒక అమ్మాయి. చూపులు, నవ్వులు. ఆమె నిద్రపోతుంది. ఇతను దిగిపోతాడు. దిగి, కిటికీలోంచి ఆమెను చూసి, కదిలిపోయిన ట్రాము వెనక పరుగందుకుంటాడు. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సత్యజిత్ రాయ్ 'మహానగర్' (1963) పేర్లు పడుతున్నంతసేపూ కెమెరా ట్రాము పైకప్పు దగ్గరే ఉంటుంది. తీగను ఒరుసుకుంటూ పోయే కడ్డీ, అప్పుడప్పుడు చిటుక్కున నిప్పురవ్వ. ఆ తర్వాత లోపల కూర్చుని ఆఫీసు నుంచి ఇంటికి పోతున్న ఒక బ్యాంకు గుమాస్తా. నా పరీక్షలో నూటికి నూరు మార్కులు. కోల్‌కతాలో ట్రాము చార్జీ అంటే అల్లాటప్పా విషయం కాదు. 1953లో రెండో తరగతి టికెట్ ఒక్క పైసా పెంచినందుకు ఊరు రణరంగమైంది, చివరికి కంపెనీ వెనక్కి తగ్గింది. మళ్ళీ అదే ముడి. పైసా పెంచితే జనం ఊరుకోరు, పెంచకపోతే బండి నడవదు. మృణాల్ సేన్ 'ఇంటర్వ్యూ' (1971)లో ట్రాములో వేలాడుతున్న హీరో మనవైపు తిరిగి, నేను స్టార్‌ని కాను, మామూలు ఉద్యోగిని, మృణాల్ సేన్ కెమెరా పట్టుకుని నా వెంట పడ్డాడు అని చెబుతాడు. చుట్టూ ప్రయాణికులు, పైన పట్టుకునే కడ్డీలు. ఆ ట్రాములో అలంకారానికి చోటు లేదు.

1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటు ఎక్కిన ఆ ట్రాముల్ని, మైదాన్, ఎస్‌ప్లనేడ్ మధ్య ఒక్క హెరిటేజ్ ముక్క ఉంచి మిగతా దారుల్లో తీసేస్తామని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ప్రకటించింది. హెరిటేజ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు జూడీ గార్లాండ్ పాట గుర్తొస్తుంది. వాన పడుతున్న వీధిలో ఖాళీగా వెళ్ళే ట్రాము షాట్లు సినిమాల్లో ఇకముందు ఎక్కువే చూస్తాం. శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్లను 1947లో మేయర్ తీసేయించబోతే కాపాడింది కూడా సినిమావాళ్ళు కాదు. ఫ్రీడెల్ క్లస్‌మన్ అనే ఆవిడ ఆడవాళ్ళను కూడగట్టి, ఓటింగ్ పెట్టించి గెలిచింది. కార్ల ఛేజింగులు ఆ పట్టాల మీద తర్వాత తీసుకున్నారు.

జపాన్ దర్శకుడు కురొసావా మొదటి రంగుల సినిమా 'దొదెస్‌కాదెన్' (1970). ఆ పేరు ట్రాము చప్పుడే, మన చుక్‌చుక్ లాగా. మురికివాడలో ఒక మతిస్థిమితం లేని కుర్రాడు, తను ట్రాము డ్రైవర్ననుకుంటాడు. రోజూ పొద్దున్నే లేని గ్లవ్స్ తొడుక్కుని, లేని హ్యాండిల్ తిప్పి, లేని పట్టాల మీద, నోటితో చప్పుడు చేస్తూ పోతాడు. ఒక చిత్రకారుడు ఆ దారిలో కూర్చుని బొమ్మ గీసుకుంటుంటే, పట్టాల మీద కూర్చుంటావా అని కసురుతాడు. కానీ నాకు బాగా నచ్చింది బయల్దేరే ముందు ఘట్టం. బండి చుట్టూ తిరిగి, వంగి కింద చూసి, అక్కడా ఇక్కడా తట్టి చూస్తాడు. తల అడ్డంగా ఊపుతాడు. రిపేర్ల సెక్షన్ వాళ్ళు సరిగ్గా పనిచెయ్యడం లేదని గొణుక్కుంటాడు. తర్వాత ఎక్కి, బండి కదిలిస్తాడు.